గీతకు ఇరుపక్కలా ఒకే జట్టు

ఏ ఆటలోనైనా గెలుపోటములకంటే ముందు తేలవలసిన విషయం ఒకటుంది. ఎవరు ఆడవచ్చు, ఎవరు ఆడకూడదు? మన ఊళ్ళలో చెడుగుడు కూతకు ముందు కూడా ఈ తగవే. "వాడు మా వీధివాడు కాదు" అని ఒకడంటాడు. "వాళ్ళ అమ్మమ్మగారిల్లు మా వీధే కదా" అని ఇంకొకడంటాడు. పెద్దల ఆటల్లో ఈ తగవుకే అర్హత అని పేరు పెట్టి, నిబంధనలు రాసి, కమిటీలు వేస్తారు. తగవు మాత్రం అదే.

అర్హత అన్న మాట మన డాక్టర్లకు కొత్త కాదు. ఎంసెట్ కౌన్సెలింగులో స్థానికులమని నిరూపించుకోవడానికి స్టడీ సర్టిఫికెట్ల కట్ట పట్టుకుని నిలబడ్డవాళ్ళం. ఈ దేశం వచ్చాక ప్లాబ్ పరీక్ష రాసి, రిజిస్ట్రేషను కోసం కాగితాలు పంపి ఎదురుచూసినవాళ్ళం. ఇప్పుడు మన పిల్లలు ఇక్కడి స్కూలు జట్లలో హాకీ కర్ర పట్టుకుంటున్నారు. మన సంఘాలు కూడా పిల్లలకు ఆటల పోటీలు పెడుతున్నాయి. వేరే ఊరి జట్టును, వేరే దేశపు జట్టును రానివ్వవచ్చునా, ఏ పిల్లవాడు ఎవరి తరఫున ఆడాలి అన్న ప్రశ్న అక్కడా తప్పదు. దీనికి ఈ దీవుల చరిత్రలోనే ఒక మంచి జవాబు ఉంది. అది ఐర్లండు హాకీ కథ. దానిని పాఠకుల ముందు పెట్టడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

సంఘం ముందు, సరిహద్దు తరువాత

ఐర్లండు ఒక ద్వీపం. అందులో ఇప్పుడు రెండు రాజ్యాలున్నాయి. ఈశాన్యాన ఆరు కౌంటీలు ఉత్తర ఐర్లండు పేరుతో యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం. మిగిలిన ఇరవై ఆరు కౌంటీలు ఐర్లండు రిపబ్లిక్. రెంటికీ నడుమ సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు. అది 1921లో ఏర్పడింది. హాకీ సంఘం మాత్రం అంతకు చాలా ముందే పుట్టింది. ఐరిష్ హాకీ యూనియన్ స్థాపన 1893లో జరిగింది. ఆ మరుసటి ఏడు మహిళలు తమ యూనియన్‌ను స్థాపించుకున్నారు. జాతీయ స్థాయిలో ప్రపంచంలోనే మొదటి మహిళా హాకీ సంఘంగా దానికి పేరు.

హాకీలో మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచి 1895 జనవరి 26న వేల్సులోని రిల్ పట్టణంలో జరిగింది. ఆడినవారు వేల్సు, ఐర్లండు. ఐర్లండు 3-0 తో గెలిచింది. 1896లో మహిళల జట్టు డబ్లిన్‌లో ఇంగ్లండును 2-0 తో ఓడించింది. అప్పటికి ఐర్లండు అంతా బ్రిటిషు పాలనలోనే ఉంది. ప్రత్యేక రాజ్యం కాకపోయినా ప్రత్యేక జట్టు ఉంది. ఈ విషయం పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరువాతి కథకు ఇదే పునాది.

1908 లండన్ ఒలింపిక్సులో ఈ పద్ధతి మరీ స్పష్టంగా కనబడుతుంది. హాకీలో ఆరు జట్లు దిగాయి. ఫ్రాన్సు, జర్మనీ కాక మిగిలిన నాలుగూ ఇంగ్లండు, ఐర్లండు, స్కాట్లండు, వేల్సు. ఒకే రాజు కింద ఉన్న నాలుగు ప్రాంతాలు నాలుగు జట్లుగా ఒకరితో ఒకరు ఆడారు. ఫైనల్లో ఇంగ్లండు 8-1 తో ఐర్లండుపై గెలిచింది. స్కాట్లండు, వేల్సులకు మూడవ స్థానం. పతకాలన్నీ మాత్రం గ్రేట్ బ్రిటన్ ఖాతాలోనే చేరాయి! ఆటలో నాలుగు, లెక్కలో ఒకటి. ఆటల పటమూ, రాజ్యాల పటమూ ఒకటి కావని దీనికంటే బాగా చెప్పే సాక్ష్యం లేదు.

దేశం చీలినా చీలని ఆట

1921లో ద్వీపం రెండయింది. అప్పుడు ఏ ఆటకు ఆ ఆట తన దారి చూసుకుంది. ఫుట్‌బాల్ చీలింది. బెల్‌ఫాస్టులో ఉన్న పాత సంఘాన్ని వదిలి, డబ్లిన్‌వారు అదే సంవత్సరం తమ సంఘం పెట్టుకున్నారు. ఈనాటికీ ఫుట్‌బాల్‌లో ఉత్తర ఐర్లండు వేరు, రిపబ్లిక్ వేరు. రగ్బీ, క్రికెట్, హాకీ చీలలేదు. సరిహద్దు వచ్చినా సంఘం ఒకటే, జట్టు ఒకటే.

ఎలా సాధ్యమయింది? హాకీ నడిచేది రాజ్యాలను బట్టి కాదు, ప్రాచీనమైన నాలుగు ప్రావిన్సులను బట్టి. అవి అల్‌స్టర్, లెన్‌స్టర్, మన్‌స్టర్, కానాక్ట్. వీటిలో అల్‌స్టర్ విచిత్రమైనది. దానికి తొమ్మిది కౌంటీలు. ఆరు ఉత్తర ఐర్లండులో ఉంటే మూడు, అంటే డొనెగాల్, కావన్, మొనహాన్, రిపబ్లిక్‌లో ఉన్నాయి. సరిహద్దు గీత ప్రావిన్సు మధ్యనుంచే పోయింది. హాకీవాళ్ళు ఆ గీతను పట్టించుకోకుండా పాత లెక్కనే ఉంచుకున్నారు. 1894లో మొదలైన ఐరిష్ సీనియర్ కప్పు సరిహద్దు వచ్చాక కూడా అలాగే సాగింది. ఉత్తరాన లిస్‌బర్న్ ప్రాంతానికి చెందిన లిస్నగార్వీ క్లబ్బు ఆ కప్పును ఇరవై సార్లకు పైగా గెలుచుకుంది. 2008-09 నుంచి రెండు పక్కల క్లబ్బులూ కలిసి ఆడే అఖిల ఐర్లండు లీగ్ కూడా నడుస్తున్నది.

ముఖ్యంగా పిల్లల సంగతి చూడండి. ఉత్తర ఐర్లండులో స్కూలు బాలురు ముందు బర్నీ కప్పు కోసం ఆడతారు. అది అల్‌స్టర్ స్థాయి. బాలికలకు వారి స్కూళ్ళ కప్పు వేరే ఉంది. ఆ పైన ద్వీపం మొత్తానికి జరిగే స్కూళ్ళ పోటీలున్నాయి. బాలికలకు కేట్ రస్సెల్ పేరు మీద జరిగేది అటువంటిదే. బ్యాన్‌బ్రిడ్జి పిల్లలు, డబ్లిన్ పిల్లలు, కార్క్ పిల్లలు ఒకే మైదానంలో కలుస్తారు. ఒకరు పౌండ్లు ఖర్చుపెట్టే రాజ్యంనుంచి, మరొకరు యూరోలు ఖర్చుపెట్టే రాజ్యంనుంచి వస్తారు. చదివే సిలబస్ వేరు, రాసే పరీక్షలు వేరు. అయినా "మీది వేరే దేశం, మీ జట్టు చెల్లదు" అని ఎవరూ అనరు. అందులోంచి ఎంపికైనవారు ఐర్లండు బాలుర, బాలికల జట్లలో ఐరోపా పోటీలకు వెళతారు.

అంతా తేనె పాకమని అనుకోరాదు. ఉత్తరాన హాకీ చాలాకాలం ప్రొటెస్టెంట్ సంప్రదాయం గల గ్రామర్ స్కూళ్ళలోనే ఎక్కువగా ఆడేవారు. దక్షిణాన దానిని దొరల ఆటగా చూసేవారూ ఉండేవారు. 1884లో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ హాకీ, రగ్బీ, క్రికెట్, ఫుట్‌బాల్ ఆటలను పరాయి ఆటలని తీర్మానించి, అవి ఆడేవారికి తమ పోటీలలో అర్హత లేదని నిషేధం పెట్టింది. చూసినా తప్పే! 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక ఫుట్‌బాల్ మ్యాచికి హాజరయ్యారని ఆయనను తమ పోషకుల జాబితా నుంచి తొలగించింది. ఆయన జన్మంతా ఐరిష్ భాష కోసం పాటుపడిన మనిషి. ఆ నిషేధం 1971లోగాని పోలేదు. ఆ సంస్థ కూడా ద్వీపమంతటికీ ఒకటే. రాజ్యాల గీతను ఒప్పుకోనివారు సైతం తమ గీత ఒకటి గీసుకున్నారన్నమాట. గీతలు గీయడం మానవ స్వభావం కాబోలు.

మన ఇంటి సంగతి

ఇదే కాలంలో మన దేశంలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1936 బెర్లిన్ ఒలింపిక్సు ఫైనల్లో భారత జట్టు జర్మనీని 8-1 తో ఓడించింది. ఆ జట్టులో ఆడిన దారా, 1948 లండన్ ఒలింపిక్సుకు వచ్చినప్పుడు పాకిస్తాన్ కెప్టెన్! పన్నెండేళ్ళలో మనిషి మారలేదు, జట్టు మారింది. ఆ 1948లోనే వెంబ్లీ మైదానంలో భారత జట్టు గ్రేట్ బ్రిటన్‌ను 4-0 తో ఓడించి, స్వతంత్ర దేశంగా తొలి హాకీ స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో ఉన్న లతీఫుర్ రెహమాన్, అఖ్తర్ హుసేన్ తరువాత పాకిస్తాన్ వెళ్ళి, 1956లో ఆ దేశం తరఫున రజతం అందుకున్నారు. విభజన మన హాకీని నిలువునా చీల్చింది. ఐర్లండు విభజన వారి హాకీని తాకలేకపోయింది.

మూడవ తరహా కూడా ఉంది. అది అచ్చంగా మన తెలుగువారిది. 1934-35లో రంజీ పోటీలు మొదలైన నాటి నుంచే హైదరాబాదు జట్టు ఉంది. 1953లో ఆంధ్ర క్రికెట్ సంఘం వేరుగా ఏర్పడి, 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీలో ఆడింది. దానికి నాయకత్వం వహించినది సి.కె. నాయుడుగారు. ఆయన పుట్టినది నాగపూరులో. అంతవరకూ ఎక్కువగా ఆడినది హోల్కర్ జట్టుకు. 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టుకు కెప్టెనయిన ఆ మహానుభావుడిని "మీరు ఆంధ్రలో పుట్టలేదు కదా" అని ఎవరూ తిరగగొట్టలేదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాష్ట్రం ఒకటయింది, జట్లు మాత్రం రెండుగానే ఉండిపోయాయి. 1986-87లో హైదరాబాదు రంజీ ట్రోఫీ గెలిచినప్పుడు ఆ నగరం ఆంధ్రప్రదేశ్ రాజధాని. కాని ఆంధ్ర జట్టు వేరు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్రాలు రెండయ్యాయి. క్రికెట్‌కు కొత్తగా చీలవలసిన అవసరమే రాలేదు.

చదువులలోనూ ఇదే వరస. 1974 నాటి ఉత్తర్వు ప్రకారం ఒకే రాష్ట్రంలో ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధిని బట్టి మూడు స్థానిక ప్రాంతాలుండేవి. సీట్లలో 85 శాతం స్థానికులకు. వరుసగా నాలుగేళ్ళు చదివినచోటు ఆధారం. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ నిబంధన తాతగారి ఊరేదని అడగలేదు, ఎక్కడ చదివావని అడిగింది. దాని మంచి చెడ్డల మీద ఎంత వాదనయినా ఉండవచ్చు. కాని పుట్టుకకంటే నివాసానికి పెద్ద పీట వేయడం వివేకమని మాకు తోస్తుంది.

ఏతావాతా తేలేదేమిటి? ఐర్లండులో రెండు రాజ్యాలకు ఒక జట్టు. మనకు ఒకే రాష్ట్రంలో రెండు జట్లు. భారత పాకిస్తాన్లలో రాజ్యంతోపాటు జట్టూ రెండు. జట్టుకు హద్దు గీసేది పటం కాదు. కలిసి ఆడాలని కూర్చుని నిర్ణయించుకునే మనుషులు. వాళ్ళు గట్టిగా పట్టుకుంటే పాత సంఘం కొత్త సరిహద్దును తట్టుకుంటుంది. వదిలేస్తే వదిలిపోతుంది.

ఇద్దరన్నదమ్ములు, రెండు చొక్కాలు

ఒకే జట్టు అన్నంత మాత్రాన బలవంతం లేదు. ఉత్తర ఐర్లండు ఆటగాడికి రెండు తలుపులు తెరిచే ఉంటాయి. ఐర్లండుకు ఆడవచ్చు, గ్రేట్ బ్రిటన్‌కూ ఆడవచ్చు. 1988 సియోల్ ఒలింపిక్సులో పశ్చిమ జర్మనీని 3-1 తో ఓడించి స్వర్ణం గెలిచిన బ్రిటిషు జట్టులో స్టీఫెన్ మార్టిన్, జిమ్మీ కర్క్‌వుడ్ ఉత్తర ఐర్లండువారు. ఇద్దరూ ఐర్లండుకూ ఆడారు. అదే జట్టులో జలంధర్‌లో పుట్టిన కుల్బీర్ భౌరా ఉన్నారు. ఫైనల్లో రెండు గోల్సు కొట్టిన ఇమ్రాన్ షేర్వానీ ఉన్నారు. ఇద్దరూ మన ఉపఖండపు మూలాలు గలవారే. బ్రిటిషు హాకీకి ఆ రోజున దక్కిన గౌరవంలో సరిహద్దులు దాటి వచ్చినవారి వాటా ఎంతో చెప్పనక్కరలేదు.

1998 ఒప్పందం ఈ స్వేచ్ఛకు చట్టబలం ఇచ్చింది. ఉత్తర ఐర్లండు ప్రజలు తాము ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. 2016 రియో ఒలింపిక్సులో ఇది కళ్ళకు కట్టింది. గ్లెగ్‌హార్న్ సోదరులలో మార్క్ గ్రేట్ బ్రిటన్‌కు ఆడాడు, పాల్ ఐర్లండుకు ఆడాడు. మార్క్ అంతకు ముందు ఐర్లండుకే ఆడినవాడు. ఒక దేశానికి ఆడినవాడు మరొక దేశానికి మారాలంటే మధ్యలో మూడేళ్ళు ఆగాలని హాకీ సమాఖ్య నిబంధన. తలుపు తెరిచే ఉంది, గడప మాత్రం ఎత్తుగా పెట్టారు. ఇది మాకు సబబుగానే కనబడుతుంది. పూటకొక జట్టు మారితే ఆటకు గౌరవం ఉండదు. మారడమే కుదరదంటే మనిషికి గౌరవం ఉండదు.

ఆ రియోలో ఐర్లండు పురుషుల జట్టు 1908 తరువాత తొలిసారి ఒలింపిక్సు హాకీలో దిగింది. మన భారత జట్టుతో 3-2 తో ఓడింది. 2018లో లండన్‌లో జరిగిన మహిళల ప్రపంచకప్పులో లెక్క తిరగబడింది. పదహారవ ర్యాంకులో వచ్చిన ఐర్లండు క్వార్టర్ ఫైనల్లో భారత్‌ను షూటౌట్‌లో ఓడించి, ఫైనల్ దాకా వెళ్ళి రజతం గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ కేటీ ముల్లన్‌ది కోల్‌రెయిన్, గోల్‌కీపర్ ఆయిషా మెక్‌ఫెరన్‌ది లార్న్. రెండూ యునైటెడ్ కింగ్‌డమ్‌లోని ఊళ్ళే. అటు ఇటు అని గిరి గీసుకుని ఉంటే ఆ పతకం ఎవరికీ వచ్చేది కాదు.

జెండా, పాట విషయంలో సర్దుబాట్లు కావలసివచ్చాయి. హాకీ జట్టు జాతీయగీతం బదులు 1995లో రగ్బీ కోసం రాసిన ఒక పాటను ఇరుపక్షాలకూ ఇబ్బంది లేదని ఎంచుకుంది. ఒలింపిక్సులో మాత్రం రిపబ్లిక్ గీతమే. కలిసి ఆడాలన్న కోరిక గట్టిదైతే ఇటువంటివి అడ్డు కావు.

దాటడానికి చెల్లించిన మూల్యం

కలిసి ఆడడం ఎల్లప్పుడూ సులువుగా జరగలేదు. హాకీలాగే ద్వీపమంతా ఒకటిగా ఉన్న రగ్బీలో జరిగిన ఒక ఘటన చెప్పుకోవాలి. 1987 ఏప్రిల్ 25న ముగ్గురు ఉత్తర ఐర్లండు ఆటగాళ్ళు, నైజెల్ కార్, డేవిడ్ ఇర్విన్, ఫిలిప్ రెయినీ, ఐర్లండు జట్టు శిక్షణ కోసం కారులో డబ్లిన్ బయలుదేరారు. సరిహద్దు దగ్గర కిల్లీన్ వద్ద, ఒక న్యాయమూర్తి దంపతుల కోసం ఐ.ఆర్.ఏ. పెట్టిన బాంబు పేలింది. ఆ దంపతులు చనిపోయారు. ఎదురుగా వస్తున్న ఆటగాళ్ళ కారూ దెబ్బతింది. కార్ గాయాలతో మళ్ళీ పెద్ద ఆట ఆడలేకపోయాడు. మొదటి ప్రపంచకప్పు కొద్ది వారాలలో ఉండగా అతని ఆట ముగిసింది. ఇర్విన్ వృత్తిరీత్యా వైద్యుడు. ఆ తరువాత కూడా ఆటగాళ్ళు ఆ రోడ్డు మీదే డబ్లిన్ వెళ్ళారు, జట్టు చీలలేదు. ఒకే జట్టు అన్న మాటకు కొందరు ఎంత ధర చెల్లించారో తెలుసుకుంటే, మన చిన్న చిన్న తగవులు ఎంత చిన్నవో అర్థమవుతుంది.

మన పిల్లలకే కనబడే గీత

ఇప్పుడు ఆ రోడ్డు మీద తనిఖీ లేదు. బ్రిటిషు, ఐరిష్ పౌరులకు అది ఒక రోడ్డు మాత్రమే. కాని మనలో చాలామంది ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉన్నాం. బెల్‌ఫాస్టు ఆస్పత్రిలో పని చేసే తెలుగు డాక్టరుగారి అమ్మాయి స్కూలు జట్టులో ఎంపికై, మ్యాచి డబ్లిన్‌లో పడిందనుకోండి. బస్సులో తోటి పిల్లలందరూ ఎక్కి కూర్చుంటారు. ఈ అమ్మాయికి మాత్రం ఐర్లండు వీసా కావాలి. బ్రిటన్ వీసా బ్రిటన్‌కే. గీత లేదని అందరూ సంతోషించే చోట, మన పిల్లకే ఆ గీత కనబడుతుంది. టీచర్లకు ఈ సంగతి తట్టకపోవడంలో వింత లేదు, వాళ్ళకు ఆ గీత ఏనాడూ అడ్డురాలేదు గనుక. కాబట్టి సీజను మొదట్లోనే చెప్పుకోవలసినవారం మనమే. అర్హత ఉండీ చేరుకోలేని ఆట, అర్హత లేని ఆటతో సమానం.

1990లో నార్మన్ టెబిట్ అనే రాజకీయ నాయకుడు, వలస వచ్చినవారు క్రికెట్‌లో ఏ జట్టును మెచ్చుకుంటారన్నది చూసి వారి విధేయత తేల్చాలన్నాడు. దానిమీద ఎంతో రభస జరిగింది. గ్లెగ్‌హార్న్ ఇంట్లో ఆ పరీక్ష పెడితే ఎవరు తప్పుతారు? ఒకే తల్లి బిడ్డలు, రెండు చొక్కాలు! మన ఇళ్ళలోనూ తండ్రి ఇండియా గెలవాలంటాడు, కొడుకు ఇంగ్లండు చొక్కా వేసుకుంటాడు. ఇందులో ద్రోహం లేదు, పెరుగుదల ఉంది.

చివరగా మన సంఘాల పెద్దలకు మూడు మాటలు మనవి చేస్తాం. ఒకటి, పిల్లల పోటీలలో అర్హతకు ఎక్కడ ఉంటున్నారు, ఎవరితో కలిసి సాధన చేస్తున్నారు అన్నదే ఆధారం కావాలి. ఏ జిల్లావారు, ఏ రాష్ట్రంవారు అన్న విచారణ పదేళ్ళ పిల్లల దగ్గర వద్దు. డబ్లిన్‌నుంచి మన తెలుగు పిల్లలు జట్టు కట్టుకుని వస్తామంటే రానివ్వాలి. ఆ జట్టులో ఒక ఐరిష్ పిల్లవాడు ఉంటే వాడినీ రానివ్వాలి. రెండు, నిబంధన ముందే రాసి అందరికీ పంపాలి. గెలిచిన తరువాత "ఆ పిల్లవాడు చెల్లడు" అనడంకంటే అన్యాయం లేదు. మూడు, 2014 తరువాత పెద్దలం ఎన్ని సంఘాలు పెట్టుకున్నా, పిల్లల ఆటలు మాత్రం ఒకే చోట, ఒకే పేరున జరపాలి. రెండు రాజ్యాలను, రెండు మతాలను, ముప్పై ఏళ్ళ రక్తపాతాన్ని తట్టుకుని ఐర్లండువారు ఒక హాకీ జట్టును నిలుపుకోగలిగారు. మాట్లాడే భాష ఒకటే అయిన మనం, పిల్లలకు ఒక మైదానం నిలుపుకోలేమా?